కొండ అడుగు: కృష్ణా డెల్టాలో ఆటకు సంఘం పుట్టిన కథ

కిందటేడు ఆగస్టు 9న, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం నాడు, బందరులో మన పిల్లలు ఒక నృత్యం చేశారు. నడుముకు ఆకులు, తలకు ఈకలు, మొహాన తెల్ల చుక్కలు. పాట ఫోనులోంచి వచ్చింది. అరకు వైపు ఆడే థింసాను వీడియోలు చూసి నెల రోజులు కష్టపడి నేర్చుకున్నారు. బాగానే ఆడారు, చప్పట్లు కూడా బాగానే పడ్డాయి. దివిసీమ నుంచి వచ్చి ముందు వరుసలో కూర్చున్న ఒక యానాది అవ్వ మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆట అయ్యాక ఒక కుర్రాణ్ణి దగ్గరకు పిలిచి, "ఎవరి ఆట నాయనా ఇది?" అని అడిగింది.

"మన ఆటే అవ్వా. ఆదివాసీల ఆట."

"మనోళ్లు ఆకులెప్పుడు కట్టార్రా? మీ తాత పంచెకట్టే కదా కట్టింది!"

అందరం నవ్వేశాం. కానీ సంచికకు వ్యాసాలు కూర్చడానికి కూర్చున్నప్పుడు ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. థింసా మన్యంలోని మన అన్నదమ్ములది. దాన్ని నేర్చుకోవడంలో తప్పేమీ లేదు. అయితే బందరు, గుడివాడ, దివిసీమ పల్లెల్లో తరతరాలుగా ఉన్న యానాదుల ఆట ఏది? ఎరుకల ఆట ఏది? ఉంటే దానికొక పేరు, గురువు, బడి, సంఘం ఎందుకు లేకపోయాయి? ఇదే డెల్టాలో, బందరుకు ముప్పై కిలోమీటర్ల లోపే, ప్రపంచమంతా తెలిసిన నాట్యం ఒకటి పుట్టింది. దానికి మండలి ఉంది, కళాక్షేత్రం ఉంది, పరీక్షలున్నాయి, పట్టాలున్నాయి. ఒక ఆటకు సంఘం ఎలా పుడుతుందో తెలుసుకోవాలంటే ముందు పొరుగింటి కథే చూడాలనిపించింది. తీరా చూస్తే ఆ కథలో మన అడుగు కూడా కనిపించింది.

ముందు మన అడుగు సంగతి. ఎరుకల వాళ్లు తమను తాము కుర్రు అనుకుంటారు. ఇంట్లో మాట్లాడేది కుర్రు భాష. ఎరుక చెప్పేవాళ్లు కాబట్టి బయటివాళ్లు పెట్టిన పేరు ఎరుకల. తమిళనాట ఇదే జాతిని కురవర్ అంటారు, కన్నడ దేశంలో కొరవ, కొరమ అంటారు. ఇక మన సాహిత్యంలో కురవంజి లేదా కొరవంజి అనే ప్రాచీన నాట్య రూపం ఒకటుంది. సింగి, సింగడు అనే జంట వస్తారు. సింగి బుట్ట చంకన పెట్టుకుని, కర్ర చేతబట్టి, నాయిక చెయ్యి చూసి సోది చెబుతుంది. సింగడు పిట్టలు పట్టేవాడు. పెళ్లాం కనపడక వెతుక్కుంటూ వస్తాడు. ఈ పేరు ఎలా వచ్చిందన్న దానిపై పండితులు చాలా వాదించుకున్నారు. కురవ జాతి వారి అంజె, అంటే అడుగు, కాబట్టి కురవంజి అన్నది అందులో ఒక వివరణ. శ్రీశైలం, అహోబలం, తిరుపతి వంటి కొండ క్షేత్రాల్లో యాత్రికుల ముందు కొండజాతి వాళ్లు ఆ దేవుడి కథే ఆడి పాడేవారనీ, ఆ ఆటే మెల్లగా మైదానాలకు దిగి యక్షగానంగా పెరిగిందనీ ఆ వాదన. ఒప్పుకోని పండితులూ ఉన్నారు. మేము ఆ తగవు తీర్చేవాళ్లం కాము. ఒక్కటి మాత్రం ఎవరూ కాదనలేరు. యక్షగానాల్లో ఎరుకలసాని పాత్ర ఉంది. అహోబల నరసింహస్వామి చెంచు పిల్లను పెళ్లాడిన కథ ఉంది. వేదికల మీద కొండపిల్ల ఎప్పుడూ ఉంది. ఆ పాత్ర వేసింది మాత్రం ఎక్కువగా మనవాళ్లు కాదు.

గుడివాడ దగ్గర రామాపురంలో పుట్టి, నాటకాల్లో ఆడవేషాలతో మొదలుపెట్టిన అక్కినేని నాగేశ్వరరావు గారు 1958లో వచ్చిన చెంచులక్ష్మి సినిమాలో నరసింహస్వామిగా కొండపిల్ల వెంట తిరిగారు. అంజలీదేవి గారు చెంచులక్ష్మి. మన నాయనమ్మలు ఆ సినిమాను నేల టిక్కెట్టు కొని చూసి మురిసిపోయిన వాళ్లే. మురిసిపోవడంలో తప్పు లేదు. కానీ తెర మీద కనిపించిన చెంచిత వేషమే మనకు కూడా మన వేషమైపోయింది. ఆగస్టు 9న పిల్లల నడుముకు ఆకులు కట్టించింది అదేనేమో!

ఇప్పుడు కూచిపూడి. గుడివాడ నుంచి పామర్రు మీదుగా చల్లపల్లి దారి పడితే మొవ్వ మండలంలో వస్తుంది. దారిలో బస్సులోంచి చూస్తే మామూలు ఊరే. ఆ ఊరి భాగవతుల గురించి దొరికే పాత ఆధారాల్లో ఒకటి మాచుపల్లి కైఫీయతు. సుమారు 1500 ప్రాంతంలో సమ్మెట గురవరాజు అనే పాలకుడు ప్రజలను పెట్టిన బాధలను కూచిపూడి వాళ్లు విజయనగర ప్రభువు వీరనరసింహరాయల ముందు వేషం కట్టి ఆడి చూపించారని, దాంతో అతనికి శిక్ష పడిందని అందులో ఉంది. ఆట ఆడి అన్యాయాన్ని రాజుకు చెప్పారన్న మాట. ఇది చదివినప్పుడు మాకు ఒళ్లు పులకరించింది.

ఆ తర్వాత సిద్ధేంద్రయోగి కథ అందరికీ తెలిసిందే. ఆయన భామాకలాపం కూర్చి, ఆ ఊరి బ్రాహ్మణ కుటుంబాల మగపిల్లలు జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం వెయ్యాలని మాట తీసుకున్నాడంటారు. గోలకొండ నవాబు అబుల్ హసన్ తానీషా (1672 నుంచి 1687 దాకా ఏలినవాడు) బందరు వైపు వచ్చినప్పుడు వాళ్ల ఆట చూసి మెచ్చి ఊరిని అగ్రహారంగా ఇచ్చాడన్నది మరో కథ. బందరు అప్పట్లో గోలకొండ రేవు, కాబట్టి నవాబు ఇటు రావడం వింతేమీ కాదు. ఇవన్నీ నోటి మాటగా వచ్చినవి. కానీ 1763లో ఆ ఊరి భూమి పంచుకున్నప్పుడు రాసుకున్న పత్రం ఒకటి ఉంది. భాగవతం ఆడే కుటుంబాల పేర్లు అందులో ఉన్నాయి. తగవు వచ్చింది, పెద్దలు కూర్చున్నారు, ఎవరి వాటా ఎంతో రాశారు.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ పత్రం దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాం. మాకు తెలిసినంతలో కూచిపూడి నాట్య సంఘ చరిత్ర అసలు మొదలయ్యేది ఇక్కడే. ఆట ఆడేవాళ్లకు కాళ్ల కింద సొంత నేల ఉంది. ఆ నేల వాళ్ల పేరున ఉంది. ఆ పేర్లు కాగితం మీద ఉన్నాయి. వేదాంతం, వెంపటి, పసుమర్తి, మహంకాళి అని ఇవాళ్టికీ వినే ఇంటిపేర్లు రెండున్నర శతాబ్దాలు తెగకుండా వచ్చాయంటే అడుగు గొప్పతనం ఒక్కటే కాదు కారణం. ఏడాదిలో కొన్ని నెలలు మేళం కట్టుకుని ఊళ్లు తిరిగినా తిరిగి చేరడానికి ఒక ఇల్లు ఉంది.

మేళం నుంచి మండలికి మారడం 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో జరిగింది. చింతా వెంకటరామయ్య గారు (1860–1949) శ్రీ వెంకటరామ నాట్య మండలి నడిపి యక్షగానాలను క్రమపద్ధతిలో ప్రదర్శించారు. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి గారు ఇంకో గీత దాటారు. ఊరి మగపిల్లలకే పరిమితమైన విద్యను బయటివాళ్లకు, ఆడవాళ్లకు నేర్పారు. అది అప్పట్లో చిన్న విషయం కాదు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక తెలుగువాళ్లకు తమదని చెప్పుకోవడానికి ఒక నాట్యం కావలసి వచ్చింది. 1958లో ఢిల్లీలో అఖిల భారత నృత్య సదస్సు జరిగినప్పుడు విస్సా అప్పారావు గారు కూచిపూడి గురించి పత్రం చదివారు. ఇది శాస్త్రీయమా, జానపదమా అన్న వాదన నడిచింది. మరుసటి ఏడు హైదరాబాదులో ఇక్కడి అకాడమీ తన సదస్సు పెట్టుకుంది. ఆ దశకం చివర్లోనే, కైకలూరు ప్రాంతంవాడైన నటుడు, వకీలు బందా కనకలింగేశ్వరరావు గారి కృషితో కూచిపూడిలో సిద్ధేంద్ర కళాక్షేత్రం వచ్చింది. తర్వాత అది తెలుగు విశ్వవిద్యాలయం కిందకు వెళ్లింది. 1961లో వేదాంతం సత్యనారాయణశర్మ గారికి కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది. 1963లో వెంపటి చినసత్యం గారు మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. ముప్పై నలభై ఏళ్లలో ఒక ఊరి ఆట దేశపు ఆట అయిపోయింది. శాస్త్రీయం అన్న ఒక్క మాట కోసం వాళ్లు అంతగా ఎందుకు పోరాడారో ఇప్పుడు మనకు అర్థమవుతుంది. ఆ మాటతో పాటే బడి, జీతం, గ్రాంటు, విదేశీ ప్రయాణం వచ్చాయి. జానపదం అన్న పెట్టెలో పడ్డవాళ్లకు ఊరేగింపులో చోటు మాత్రమే దొరికింది.

అదే కాలంలో మనవాళ్లు ఎక్కడున్నారు?

ఎరుకల్లో ఉప్పు ఎరుకలు ఒక శాఖ. సముద్రం ఒడ్డు మడుల్లో ఉప్పు కొని, గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని లోపలి ఊళ్లకు మోసుకెళ్లేవాళ్లు. తిరుగు ప్రయాణంలో ధాన్యం తెచ్చుకునేవాళ్లు. మగవాళ్లు సరుకు మోస్తే ఆడవాళ్లు దారి ఊళ్లలో సోది చెప్పేవాళ్లు, బుట్టలు అమ్మేవాళ్లు. ఆట పాట అంతా ఆ దారిలోనే ఉండేది. వాళ్లకు దారే వేదిక. 19వ శతాబ్దంలో ఉప్పు మీద దొరల గుత్తాధిపత్యం బిగిసింది. రైళ్లు వచ్చాయి. గాడిద మోసే ఉప్పును ఎవరు కొంటారు? బతుకుదెరువు పోయి తిరిగేవాళ్లను చూసి సర్కారుకు అనుమానం మొదలైంది. 1871లో ఉత్తర భారతంలో తెచ్చిన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. ఎరుకలను ఆ జాబితాలో రాశారు, కొన్ని తావుల్లో యానాదులనూ రాశారు. వేలిముద్రలు తీశారు. రాత్రి పూట ఠాణాలో హాజరు వేయించుకోవాలన్నారు. ఊరు దాటాలంటే చీటీ కావాలన్నారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం, కృష్ణ ఒడ్డున సీతానగరం, నెల్లూరు జిల్లాలో కావలి, బిట్రగుంట సెటిల్‌మెంట్లు ఆ రోజుల్లో వెలిసినవే.

సోది చెప్పే మనిషి రాత్రికి ఠాణాకు రావాలంటే ఎన్ని ఊళ్లు తిరగగలదు? తిరిగితేనే ఆ విద్య ఉంటుంది. తిరగడమే నేరమైతే? పొరుగు ఊళ్లో ఆటగాళ్ల పేర్లు 1763 నాటి భూమి పత్రంలో ఉన్నాయి. మన ఆటగాళ్ల పేర్లు పోలీసు రిజిస్టర్లో ఉన్నాయి. మనవాళ్ల గురించి ఎవరూ రాయలేదనడం అబద్ధం. చాలా రాశారు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలూ తెగల గురించి ఏడు సంపుటాలు అచ్చు వేశాడు. కొరవల మీద, యానాదుల మీద పేజీలకు పేజీలు ఉన్నాయి. ఆయన మన తలల కొలతలు కూడా తీసుకున్నాడు. అడుగుల లెక్క తీసుకోవాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు.

ఇందులో అన్నిటికంటే మా గుండెకు తగిలిన విషయం ఒకటి చెబుతాం. 1944లో మద్రాసులో రుక్మిణీదేవి గారి కళాక్షేత్ర కుట్రాల కురవంజి అనే నృత్య నాటకాన్ని వేదిక ఎక్కించింది. 18వ శతాబ్దపు తమిళ కావ్యం అది. అందులో సింగి ఉంది, సింగడు ఉన్నాడు, కొండ ఉంది, సోది ఉంది. గొప్పగా చేశారంటారు, ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రాత్రి కొండ కురత్తి వేషం వేసిన అమ్మాయికి చప్పట్లు పడుతున్న వేళకు, అదే మద్రాసు రాజధానిలో నిజమైన కురవ మగవాళ్లు ఠాణా అరుగు మీద హాజరు కోసం కూర్చుని ఉన్నారు. చట్టం ఇంకా అమల్లోనే ఉంది. దేశమంతటా అది రద్దయింది 1952 ఆగస్టు 31న. ఆ నాటకం వేసినవాళ్లను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. వాళ్లు ఒక కళను కాపాడారు. ఆ కళకు మూలమైన మనుషులు పక్క వీధిలోనే ఉన్నారని ఆ రోజుల్లో చాలామందికి తట్టి ఉండదు.

కాబట్టి మనకు మొదట పుట్టిన సంఘాలు నాట్య సంఘాలు కావు. కాలేవు కూడా. హాజరు తీసేయించడానికి, బంజరు పట్టా కోసం, వెట్టి మాన్పించడానికి, పిల్లలకు బడి కోసం పుట్టాయి. నెల్లూరు వైపు వెన్నెలకంటి రాఘవయ్య గారు యానాదుల కోసం దశాబ్దాల పాటు పనిచేశారు, నేరస్థ జాతుల చట్టం పోవాలని పోరాడారు. 1962లో యానాదుల మీద ఇంగ్లీషులో పుస్తకం రాశారు. 1973లో ఆయనకు పద్మభూషణ్ ఇచ్చారు. ఆయన మన కులంవారు కాదు. అయినా మన పెద్దలు ఆయన పేరు ఇంట్లో మనిషిలా తలుచుకుంటారు. ఆకలి తీరి, హాజరు పోయి, ఇంటి స్థలం దొరికాకే ఆట గుర్తొస్తుంది. ఆ వరుసను తప్పు అనడానికి వీల్లేదు. కానీ అంతదాకా ఆగేసరికి ఆడేవాళ్లు ముసలివాళ్లయిపోయారు.

దివిసీమలో ముసలివాళ్లయ్యేదాకా కూడా ఆగలేదు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. సర్కారు లెక్క ప్రకారమే పదివేల మందికి పైగా పోయారు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి పేర్లు చెబితే ఇప్పటికీ పెద్దల గొంతు మారుతుంది. ఏటి పాయల వెంట, మడ అడవుల అంచున చేపలూ పీతలూ పట్టుకుని బతికే యానాదుల గుడిసెలు నీటికి అందరికంటే దగ్గరగా ఉండేవి. బందరుకు ఇది కొత్త కాదు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో ముప్పై వేల మంది పోయారంటారు. ఊరు పోతే మళ్లీ కట్టుకోవచ్చు. ఒక పాట తెలిసిన ముగ్గురూ ఒకే రాత్రి పోతే ఆ పాటను ఎక్కడి నుంచి తెస్తాం? యానాదుల భాగవతం అనే ఆట ఒకటుండేదని జానపద కళల పుస్తకాల్లో చదువుతాం. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి గారి తెలుగువారి జానపద కళారూపాలు మీ కాలేజీ లైబ్రరీలో ఉంటే తీసి చూడండి. మనవాళ్ల ఆటల గురించి అందులో కొంత దొరుకుతుంది. మేము వెళ్లిన పల్లెల్లో ఆ భాగవతాన్ని చూశామన్నవాళ్లు ఇద్దరు ముగ్గురు తగిలారు. ఆడినవాళ్లు ఎవరూ తగల్లేదు.

ఇలాంటి కథ మనకొక్కరికే కాదని చెప్పడానికి కొంచెం దూరం వెళ్తాం. స్కాట్లండు ఉత్తరాన కొండ ప్రాంతముంది. హైలాండ్స్ అంటారు. అక్కడి వంశాలు 1746లో కల్లోడెన్ యుద్ధంలో ఇంగ్లీషు రాజు సేన చేతిలో ఓడాయి. వెంటనే వాళ్ల ఆయుధాల మీద, గళ్ల బట్ట కట్టు మీద నిషేధం పెట్టారు. బట్ట మీద నిషేధం 1782 దాకా ఉంది. ఈ లోపే, 1778లో, లండనులో స్థిరపడ్డ కొండప్రాంతపు పెద్దమనుషులు హైలాండ్ సొసైటీ అని ఒకటి పెట్టుకున్నారు. 1781లో ఫాల్కర్క్ అనే ఊళ్లో తిత్తి వాద్యం పోటీలు నడిపారు. తర్వాత అవి ఎడిన్‌బరోకు మారాయి. వాయిద్యాల మధ్య విరామంలో నాట్యం పెట్టేవాళ్లు. అదే మెల్లగా పోటీ అయింది. 1848లో విక్టోరియా రాణి బ్రేమార్ అనే ఊళ్లో ఆ ఆటలు చూడ్డానికి వెళ్లింది, దాంతో అది పెద్ద వేడుకైపోయింది.

వినడానికి బాగానే ఉంది కదా! అయితే అదే కాలంలో భూస్వాములు గొర్రెల మేత కోసం కొండ రైతులను ఇళ్లలోంచి వెళ్లగొట్టారు. ఓడలెక్కి కెనడాకు, ఆస్ట్రేలియాకు పోయారు వాళ్లు. పోటీల దగ్గర కుర్చీల్లో కూర్చుని బహుమతులిచ్చిన దొరల్లో కొందరివి ఆ భూములే. కత్తుల మీద ఆడే ఆట ఎలా ఉండాలి, ఎన్ని అడుగులుండాలి, ఏ బట్ట కట్టాలి అన్నది అడిగే హక్కు కుర్చీలో కూర్చున్నవాడికి వచ్చింది. వలస వెళ్లినవాళ్లు అక్కడా సంఘాలు పెట్టుకున్నారు. కెనడాలోని యాంటిగోనిష్‌లో 1863 నుంచి ఆ ఆటలు నడుస్తున్నాయి. ఒక్కో ప్రాంతంలో ఒక్కో అడుగు, ఒక్కో లెక్క. చివరికి 1950లో అన్నిటికీ కలిపి ఒక అధికారిక బోర్డు పెట్టుకుని అడుగులను రాసుకున్నారు. లాభమూ జరిగింది, నష్టమూ జరిగింది. ప్రపంచంలో ఎక్కడ నేర్చుకున్న పిల్లయినా ఎక్కడైనా ఆడగలదు. కానీ బోర్డు పుస్తకంలో చేరని ఊరి అడుగులు చాలావరకు మాయమయ్యాయి. మొదట్లో మగవాళ్లదైన ఆ ఆటను ఇప్పుడు ఎక్కువగా ఆడపిల్లలే ఆడుతున్నారు. కూచిపూడిలోనూ అంతే జరిగింది, గమనించారా?

మన రాష్ట్రాల్లోనే ఇంకో రకం దారి కూడా ఉంది. ఆదిలాబాదు గోండుల గుస్సాడీని మార్లవాయికి చెందిన కనకరాజు గారు జీవితమంతా నేర్పారు. 1981లో ఢిల్లీలో ఇందిరాగాంధీ గారి ముందు ఆడించారు. 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2024లో కన్నుమూశారు. ఆ ఆటకు ఇప్పటికీ దీపావళి పండుగే వేళ, దండారీయే సందర్భం. ఢిల్లీకి వెళ్లినా ఊళ్లో ఆట ఊళ్లో ఆగలేదు. కుర్చీలో కూర్చున్నది కూడా గోండు పెద్దలే. ఈ దారి మాకు ఎక్కువ నచ్చింది.

ఇక మా సంగతి. ఈ వ్యాసం కోసమని మొదలుపెట్టి నాలుగు నెలలుగా సెలవు రోజుల్లో పల్లెలు తిరుగుతున్నాం. గుడివాడలో ఒక ఎరుకల అన్న ఇంటికి వెళ్లాం. "మా నాయనమ్మ సోది చెప్పేది. ఆవిడ కూర్చుంటే వీధి వీధంతా వచ్చేది. మేం చెప్పం. మా పిల్లకు ఆ మాట కూడా తెలియనివ్వలేదు" అన్నాడు. ఆ పిల్ల ఇంజినీరింగు చదువుతోంది. ఆయన ఎందుకు దాచాడో మాకు తెలుసు. స్టువర్టుపురం అన్న మాట వింటేనే సినిమాల పుణ్యమా అని జనం ఎలా చూస్తారో మీకూ తెలుసు. బడిలో అటెండెన్సు పిలిచేటప్పుడు కులం పేరుతో నవ్వించిన మాస్టార్లను మాలో కొందరం చూశాం. కాబట్టి దాచినవాళ్లను నిందించే హక్కు మాకు లేదు. ఆ అన్న కాసేపాగి, లోపలికి వెళ్లి, అటక మీద నుంచి నాయనమ్మ కర్ర దింపి తెచ్చాడు. పారేయలేదు. కూతురు అప్పుడే మొదటిసారి దాన్ని చేతిలోకి తీసుకుంది. "ఇదేంటి నాన్నా?" అంది. ఆ పూట మేము అడగాలనుకున్న ప్రశ్నలేవీ అడగలేదు. ఆయన కూతురికి చెబుతుంటే విన్నాం.

ఆగస్టు 9న ప్రశ్న అడిగిన అవ్వ దగ్గరకూ వెళ్లాం. నాగాయలంక దాటి ఇంకా లోపలికి, బండి దిగి గట్టు మీద నడవాలి. "అవ్వా, మన ఆట చూపించవే" అంటే మొదట కసిరింది. వయసు కాదంది. మోకాళ్లంది. సాయంత్రం పీతల బుట్టలు దింపాక, మనవడు రేకు డబ్బా బోర్లించి కొడుతుంటే, నలుగురు ఆడవాళ్లు చేతులు పట్టుకుని అర్ధ చంద్రంలా నిలబడ్డారు. ముందుకు రెండు అడుగులు, వెనక్కి ఒకటి, మడమ నేలకు కొట్టి నడుము వంచడం. పాటలో కొన్ని మాటలు మాకు అర్థం కాలేదు. ఐదు నిమిషాలు కూడా ఆడలేదు. అవ్వ ఆయాసపడి కూర్చుని, "ఇది పెళ్లిలో తెల్లారగట్ల ఆడేది. పగలు ఆడేది వేరే" అంది. పగలు ఆడేది ఎవరికి వచ్చని అడిగితే, "మా అక్కకొచ్చు. ఉప్పెనలో పోయింది" అంది.

ఆ రోజే ఒక పుస్తకం కొన్నాం. రెండు వందల పేజీల రూళ్ల పుస్తకం. దాన్ని సంఘం రిజిస్టరు అందాం. పత్రికల వాళ్లకు చెప్పలేదు, ప్రారంభోత్సవం చేయలేదు. గడులు గీశాం. ఆడిన మనిషి, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ సందర్భంలో ఆడతారు, ఎంతమంది, ఏ వాయిద్యం, ఏ బట్ట, పాట మొదటి మాట. ఆట పేరు అనే గడి దగ్గర తగువొచ్చింది. ఒక చెల్లెలు యానాది నృత్యం అని రాద్దామంది. అవ్వ ఒప్పుకోలేదు. "ఆటకి పేరేంట్రా, ఆట అంటే ఆటే" అంది. ఆ గడి ఖాళీగా వదిలేశాం. పోటీ పెట్టాలా, యూనిఫారం కుట్టించాలా, మన్యం నుంచి గురువును పిలిపించి నేర్పించాలా అన్న మాటలు మా కమిటీలో కూడా వచ్చాయి. వాటిని పక్కన పెట్టాం. ముందు పది ఊళ్ల అడుగులు పది రకాలుగానే రాసి, వీడియో తీసి పెడదాం. కుదిర్చి ఒకటి చెయ్యాలా వద్దా అన్నది ఆడేవాళ్లే కూర్చుని తేల్చుకోవాలని నిర్ణయం రాసుకున్నాం. ఆ నిర్ణయం కింద మొదటి సంతకం అవ్వది. వేలిముద్ర వేస్తానంటే వద్దన్నాం. మనవడు పట్టుకుని రాయించాడు, మూడు అక్షరాలు.

ఇప్పటికి ఆ పుస్తకంలో పందొమ్మిది పేర్లున్నాయి. బందరు చుట్టుపక్కల నుంచి ఐదు, గుడివాడ నుంచి నాలుగు, మిగిలినవి దివిసీమవి. మీ ఇంట్లో ఆడినవాళ్లు, పాడినవాళ్లు, సోది చెప్పినవాళ్లు, కనీసం చూసినవాళ్లు ఉంటే ఈ సంక్రాంతి సెలవుల్లో వాళ్ల పక్కన కూర్చోండి. ఫోను రికార్డరు పెట్టేముందు అడగండి, వద్దంటే ఆపేయండి. పాట అర్థం కాకపోయినా విన్నది విన్నట్టు రాయండి, సరిదిద్దవద్దు. కుర్రు భాష మాటలు వస్తే తెలుగు చెయ్యకుండా అలాగే రాసి, పక్కన అర్థం అడిగి రాయండి. పగలు ఆడే ఆట తెలిసినవాళ్లు ఎక్కడైనా తగిలితే మాత్రం పండుగ దాకా ఆగకండి. ఆ రోజే కబురు పంపండి. అవ్వకు చెప్పాలి.